హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత జుట్టు రాలుతుంటే: తిరుపతిలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో తిలక్ రోడ్డుకు దగ్గర్లో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మా ఊరి కుర్రాళ్ళు చాలామంది చెన్నైకో బెంగళూరుకో వెళ్ళి జుట్టు నాటించుకుని వస్తారు. వచ్చిన మూడు నాలుగు వారాలకు, షాపులో జనం లేని వేళ చూసుకుని, టోపీ తీయకుండానే కౌంటర్ మీదికి వంగి మెల్లగా అడుగుతారు: "అన్నా, నాటిందంతా రాలిపోతా ఉంది. ఏం చేసేది?"

మూడేళ్ళ కింద నేనూ నాటించుకున్నాను. నాదీ అలాగే రాలింది. మందులు అమ్మేవాణ్ణి, అన్నీ తెలిసినవాణ్ణి, అయినా ఆ నెల రోజులు నిద్ర పట్టలేదు. అందుకే పదే పదే వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మందు రాయాల్సిందీ, డోసు మార్చాల్సిందీ మీ డాక్టరే. ఆయన్ని ఏం అడగాలో, దేనికి భయపడాలో, దేనికి భయపడక్కర్లేదో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది.

నాటించుకుని మూడు వారాలైంది. పెట్టిన జుట్టంతా రాలుతోంది. డబ్బులు పోయినట్టేనా?

పోలేదు. రాలుతున్నది వెంట్రుక మాత్రమే, కుదురు కాదు.

తల వెనక నుంచి కుదురును తీసి ముందు పెట్టేటప్పుడు, కొన్ని గంటలపాటు దానికి రక్తం అందదు. ఆ దెబ్బకు కుదురు పెరగడం ఆపేసి విశ్రాంతిలోకి వెళ్ళిపోతుంది. పైన ఉన్న వెంట్రుకకు ఇక పట్టు ఉండదు కాబట్టి ఊడిపోతుంది. సాధారణంగా రెండో వారం నుంచి నాలుగో వారం మధ్యలో ఈ రాలడం మొదలవుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలకల్లా ముగుస్తుంది. కొందరికి నాటినదంతా రాలుతుంది, కొందరికి సగమే రాలుతుంది. ఎంత రాలిందన్న దాన్ని బట్టి రేపు ఎంత వస్తుందో చెప్పలేం.

వరి నాటు వేసిన కయ్యను చూసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. నారుమడిలో పచ్చగా ఉన్న నారు పీకి నాటగానే నాలుగు రోజులు పాలిపోయి, తలలు వాల్చేసి కనపడుతుంది. వేరు పట్టాకే పచ్చబడుతుంది. మా నాయన నా తల చూసి అన్నది ఇదే: "నాటేసిన నాలుగు దినాలకే కయ్య కాడికి పోయి ఏడ్చేవాడు యాడన్నా ఉండాడా?" ఆ మాటతో నాకు కొంచెం ఊపిరి వచ్చింది.

నాకు ఆపరేషన్ చేసిన చోట ఈ సంగతి చేతికిచ్చిన కాగితంలో ఒక్క లైనుగా అచ్చువేసి ఉంది. నోటితో ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ నెల అంత కష్టంగా గడిచేది కాదు. కాబట్టి మీరు ఇంకా ఆపరేషన్‌కు వెళ్ళకపోతే, వెళ్ళే ముందే ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పి పెట్టండి: నాటిన జుట్టు ఒకసారి రాలుతుంది, మళ్ళీ వస్తుంది.

రాలిన వెంట్రుక చివర తెల్లటి గుండు ఉంది. వేరుతో సహా ఊడి వచ్చినట్టేనా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఇదే. ఇరవై మూడో రోజు తలస్నానం చేసి తెల్లటి తువ్వాలుతో అద్దుకున్నాను. తువ్వాలు మీద చిన్న చిన్న వెంట్రుకలు, అర సెంటీమీటరు కూడా లేవు, పదిహేనో ఇరవయ్యో ఉన్నాయి. ఒకదాన్ని గోటితో తీసి ట్యూబ్‌లైటు కింద పట్టుకుంటే చివర్లో ఆవగింజలో పదో వంతు ఉండే తెల్లటి ముద్ద కనపడింది. అదే కుదురనుకుని అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

అది కుదురు కాదు. విశ్రాంతి దశలోకి వెళ్ళిన ఏ వెంట్రుకకైనా అడుగున అలా గట్టిపడిన ముద్ద ఉంటుంది. రోజూ మనందరికీ మామూలుగా రాలే 50 నుంచి 100 వెంట్రుకలను చూసినా చివర్లో అదే ఉంటుంది. జుట్టును పుట్టించే కుదురు చర్మం లోపల, కంటికి కనపడని లోతులో ఉండిపోతుంది.

నిజంగా గ్రాఫ్ట్, అంటే నాటిన కుదురే, ఊడిందంటే అది మొదటి వారం పది రోజుల్లోనే జరుగుతుంది. అప్పుడు ఆ చోట రక్తం కారుతుంది, వెంట్రుకతో పాటు మెత్తటి చర్మపు ముక్క కూడా వస్తుంది. పది రోజులు దాటాక, పక్కులు రాలిపోయాక, రక్తం లేకుండా వెంట్రుక వచ్చిందంటే అది మామూలు రాలడమే. పక్కులతో పాటు వెంట్రుక ఊడి వచ్చినా అంతే. పక్కులను మాత్రం గోళ్ళతో గీకకండి. డాక్టరు చెప్పిన రోజు నుంచి నీళ్ళలో నానబెట్టి, వేలి కొసలతో నెమ్మదిగా కదిపితే వాటంతట అవే వదులుతాయి.

నాటిన చోట కాదు, పక్కనున్న నా పాత జుట్టు కూడా రాలుతోంది. ఇదేంటి?

దీన్ని షాక్ లాస్ అంటారు. చర్మంలో వందల కొద్దీ చిన్న గాట్లు పడటంతో, మత్తు మందు వల్ల, వాపు వల్ల పక్కనున్న కుదుళ్ళు కూడా ఉలిక్కిపడి విశ్రాంతిలోకి వెళ్తాయి. తల వెనక గ్రాఫ్టులు తీసిన చోట కూడా ఒక్కోసారి ఇలా మచ్చలు మచ్చలుగా పలచబడుతుంది. ఆడవాళ్ళకు ఇది కొంచెం ఎక్కువగా కనపడుతుంది, ఎందుకంటే వాళ్ళకు సాధారణంగా ఉన్న జుట్టు మధ్యలోనే నాటుతారు.

ఎక్కువ భాగం మూడు నుంచి ఆరు నెలల్లో తిరిగి వస్తుంది. ఒక్క మాట మాత్రం దాచకుండా చెప్పాలి. అప్పటికే సన్నబడి, నూగులా మారిపోయి, ఇవాళో రేపో పోయేలా ఉన్న వెంట్రుకలు ఈ దెబ్బకు రాలితే తిరిగి రాకపోవచ్చు. మందుల ఆసరా ఉన్న జుట్టు ఈ దెబ్బకు ఎక్కువగా తట్టుకుంటుంది. అందుకే చాలామంది డాక్టర్లు ఆపరేషన్‌కు కొన్ని నెలల ముందే మందులు మొదలుపెట్టిస్తారు.

మరి జుట్టు ఎప్పుడు వస్తుంది?

కుదురు విశ్రాంతి దశ సుమారు మూడు నెలలు. అందుకే రెండో నెల, మూడో నెల అద్దంలో చూసుకుంటే ఆపరేషన్‌కు ముందున్నట్టే ఉంటుంది, కొందరికి అంతకంటే పలచగా కూడా ఉంటుంది. మనసు గట్టిగా పట్టుకోవాల్సింది ఆ రెండు నెలలే. మూడో నెల చివర్లో, నాలుగో నెలలో సన్నటి, కొంచెం వంకర తిరిగిన వెంట్రుకలు తలెత్తుతాయి. అన్నీ ఒకేసారి రావు. ఎడమ పక్క వచ్చి కుడి పక్క రాలేదని నా దగ్గరికి వచ్చి గోల పెట్టినవాళ్ళున్నారు. ఆరో నెలకు దాదాపు సగం కనపడుతుంది. ఏడాదికి చాలావరకు తేలిపోతుంది. నడినెత్తి మీద సుడి చుట్టూ నాటించుకున్నవాళ్ళు ఏడాదిన్నర దాకా ఆగాలి, అక్కడ ఎప్పుడూ ఆలస్యమే.

మొలిచే ముందు నెత్తి మీద చిన్న పొక్కులు లేస్తాయి. చర్మం కింద నుంచి వెంట్రుక పైకి రావడానికి దారి చేసుకునేటప్పుడు ఇవి మామూలే. ఒకటీ రెండూ ఉంటే గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టండి, గిల్లకండి. గుంపులుగా లేచి చీము పడితే మాత్రం డాక్టరుకు చూపించండి.

నాటిన జుట్టు జన్మలో ఊడదన్నారు. మళ్ళీ ఈ మాత్రలెందుకు?

రోజూ చెప్పీ చెప్పీ నాకు కంఠతా వచ్చేసిన జవాబు ఇది. డాక్టరు రాసే ఫినాస్టరైడ్ మాత్ర నాటిన జుట్టు కోసం కాదు, నాటకుండా మిగిలిన జుట్టు కోసం.

తల వెనక, చెవుల చుట్టూ ఉండే జుట్టుకు బట్టతల రాదని మన తాతల తలలు చూస్తేనే తెలుస్తుంది. ఆ కుదురును ఎక్కడికి మార్చినా దాని గుణం దానితోనే వెళ్తుందని న్యూయార్క్‌కు చెందిన డాక్టర్ నార్మన్ ఒరెంట్రైక్ 1959లో ప్రచురించారు. ట్రాన్స్‌ప్లాంట్ మొత్తం ఆ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉంది. అయితే ముందు, నడినెత్తిన మీకు పుట్టుకతో వచ్చిన జుట్టుకు ఆ రక్షణ లేదు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్ ఆ కుదుళ్ళను ఏడాదికేడాది చిన్నవి చేస్తూ పోతుంది. ఆపరేషన్ చేయించుకున్నంత మాత్రాన అది ఆగదు.

మా షాపుకు వచ్చే ఒకాయన, మందులంటే భయపడి ఏదీ వాడలేదు. నుదుటి మీద నాటింది చక్కగా నిలిచింది. నాలుగేళ్ళలో దాని వెనకున్న పాత జుట్టంతా పోయింది. ముందు ఒక గట్టులాగా జుట్టు, దాని వెనక ఖాళీ. ఆయన మళ్ళీ ఆపరేషన్‌కు వెళ్ళాల్సి వచ్చింది. తల వెనక ఉండే జుట్టు తరగని చెరువు కాదు, ఒకసారి తీసిన చోట మళ్ళీ మొలవదు. ఉన్నదాన్ని మందుతో కాపాడుకుంటే, ఆ వెనక జుట్టు రేపటి అవసరానికి మిగులుతుంది.

ఫినాస్టరైడ్ వేసుకుంటే మగతనం పోతుందంట. నిజమేనా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు కుర్రాళ్ళు గొంతు ఇంకా తగ్గిస్తారు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, అడగాల్సిన ప్రశ్నే.

ఈ మందు మొదట 1992లో 5 మిల్లీగ్రాముల మాత్రగా ప్రోస్టేట్ వాపుకు అమెరికాలో అనుమతి పొందింది. 1997లో 1 మిల్లీగ్రాము మాత్రను మగవాళ్ళ బట్టతలకు అనుమతించారు. టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. రక్తంలో డీహెచ్‌టీ మూడింట రెండు వంతుల దాకా తగ్గుతుంది. టెస్టోస్టిరాన్ మాత్రం తగ్గదు.

ఆ 1 మిల్లీగ్రాము మాత్ర మీద జరిగిన పరీక్షల్లో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య, వీర్యం తగ్గడం వంటివి మొత్తం కలిపి మందు వేసుకున్నవాళ్ళలో 3.8 శాతం మందికి వచ్చాయి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో కూడా 2.1 శాతం మందికి వచ్చాయి. అంటే ఎక్కువమందికి ఏమీ కాదు, కొద్దిమందికి అవుతుంది. అయినవాళ్ళలో చాలామందికి మందు ఆపితే తగ్గుతుంది. ఆపిన తర్వాత కూడా సమస్య కొనసాగిందని చెప్పినవాళ్ళు ఉన్నారు, ఆ హెచ్చరిక మందు కాగితంలోనే ఉంటుంది. మనసు కుంగిపోవడం గురించి కూడా ఉంటుంది. ఆత్మహత్య ఆలోచనలు ఈ మాత్రల దుష్ప్రభావాల్లో ఒకటని 2025లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ ధ్రువీకరించింది. కాబట్టి ఇంతకుముందు డిప్రెషన్ ఉన్నవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మాత్ర మొదలుపెట్టాక మనసు మారినట్టు అనిపిస్తే, జుట్టు సంగతి తర్వాత, ముందు మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో ఒకరికైనా మీరు ఈ మాత్ర వాడుతున్నారని తెలిసి ఉండాలి. మనలో వచ్చే మార్పు ఒక్కోసారి మనకంటే ముందు వాళ్ళకే కనపడుతుంది.

నేను వాడుతున్నాను. నాకు ఏ ఇబ్బందీ రాలేదు. అది నా ఒంటి సంగతి, మీ ఒంటికి హామీ కాదు.

5 మిల్లీగ్రాముల మాత్ర చవక. నాలుగు ముక్కలు చేసుకుని వేసుకోవచ్చా?

చాలామంది చేస్తారు. డాక్టరు ఒప్పుకుంటే సరే. కానీ ఇంట్లో గర్భిణి గానీ, గర్భం కోసం చూస్తున్న ఆడవాళ్ళు గానీ ఉంటే వద్దు. విరిగిన మాత్ర పొడి వాళ్ళ చేతికి తగలకూడదు. కడుపులో మగబిడ్డ ఉంటే, వాడి జననాంగాల ఎదుగుదలకు ఈ మందు అడ్డుపడగలదు. పూత ఉన్న పూర్తి మాత్రను ముట్టుకుంటే ఆ ప్రమాదం లేదు. ఆ కారణంగానే మాత్రలు ముక్కలు చేసే కట్టర్‌ను ఎవరికి అమ్మినా నేను ఊరుకోను, ఇంట్లో ఎవరున్నారని అడుగుతాను.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న దంపతులు కూడా డాక్టరుతో ఒకసారి మాట్లాడుకోవాలి.

ఇవి వేసుకుంటూ రక్తదానం చేయవచ్చా?

చేయకూడదు. ఆ రక్తం ఒక గర్భిణికి ఎక్కించవచ్చు. ఫినాస్టరైడ్ ఆపాక ఎన్నాళ్ళకు ఇవ్వవచ్చో బ్లడ్ బ్యాంకు వాళ్ళను అడగండి. ఇదే పని చేసే ఇంకో మందు డ్యూటాస్టరైడ్ ఒంట్లో చాలాకాలం ఉంటుంది కాబట్టి ఆపిన తర్వాత ఆరు నెలలు ఆగాలి. శిబిరంలో ఫారం నింపేటప్పుడు ఈ మాత్రల పేరు తప్పకుండా చెప్పండి.

నలభై దాటినవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ పరీక్షలో, ఈ మాత్ర వల్ల అంకె దాదాపు సగానికి పడిపోతుంది. డాక్టరుకు చెప్పకపోతే అంతా బాగుందని పొరబడే ప్రమాదం ఉంది.

మినాక్సిడిల్ మొదలుపెట్టాక ఇంకా ఎక్కువ రాలుతోంది. ఆపేయనా?

ఆపకండి. ఈ ఒక్క తప్పు వల్ల ఎంతోమంది పనిచేస్తున్న మందును పారేశారు.

మినాక్సిడిల్ పుట్టింది బీపీ మాత్రగా. 1979లో అమెరికాలో దాన్ని బీపీకి అనుమతించాక, వాడినవాళ్ళకు ముఖం మీద, చేతుల మీద జుట్టు మొలవడం చూసి, తలకు రాసుకునే మందుగా మార్చి 1988లో విడుదల చేశారు. ఇది విశ్రాంతిలో ఉన్న కుదురును తట్టి లేపుతుంది. కొత్త వెంట్రుక కింద నుంచి తోసుకుని వస్తుంటే, పైన వేలాడుతున్న పాతది రాలుతుంది. మొదలుపెట్టిన రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఈ రాలడం ఉండొచ్చు. ఆపరేషన్ వల్ల రాలడం, మందు వల్ల రాలడం రెండూ ఒకే నెలలో కలిసిపడితే దిండు కవరు చూసి గుండె జారిపోతుంది. నా విషయంలో అదే జరిగింది. పొద్దున అమ్మ పొరకతో గది ఊడ్చి, పోగైన వెంట్రుకలను నాకు కనపడకుండా కాగితంలో చుట్టి పారేసేది. అది నేను తలుపు సందులోంచి చూశాను. ఆ రోజు సీసా చెత్తబుట్టలో వేసేయబోయాను. నెల రోజులు ఓపిక పట్టమని మా డాక్టరు ఫోనులో గట్టిగా చెప్పడంతో ఆగాను. పనిచేస్తోందో లేదో తెలియాలంటే కనీసం నాలుగు నెలలు వాడాలి.

రాలడం మూడు నెలలు దాటినా తగ్గకపోతే మాత్రం అది వేరే లెక్క. డాక్టరు చూడాలి.

ఆపరేషన్ అయిన ఎన్ని రోజులకు రాసుకోవచ్చు? ఎలా రాయాలి?

పక్కులన్నీ రాలి, చర్మం మానాకే. ఆ రోజు ఏదో మీ సర్జన్ చెప్పాలి. మానని గాయం మీద రాస్తే మండుతుంది, మందు రక్తంలోకి ఎక్కువగా వెళ్తుంది. ఫినాస్టరైడ్ మాత్రను సాధారణంగా ఆపమనరు.

ద్రవం అయితే ఒకసారికి 1 ఎంఎల్. డ్రాపర్ మీద గీత దాకా తీసుకుని, జుట్టును పాయలుగా విడదీసి చర్మం మీద నాలుగైదు చోట్ల వదిలి వేలితో సర్దండి. జుట్టుకు పట్టిస్తే ఉపయోగం లేదు. నాలుగు గంటలు తల తడపకూడదు. మన ఊరి మే నెల ఎండలో మధ్యాహ్నం రాస్తే చెమటతో కళ్ళలోకీ నుదుటి మీదికీ కారుతుంది. రాత్రి ఏడు, ఎనిమిది గంటలకు, అన్నానికి ముందు రాసుకుంటే పడుకునేసరికి ఆరిపోతుంది. దిండుకు అంటి చెంపల మీద నూగు రావడం కూడా ఉండదు. రాశాక చేతులు సబ్బుతో కడగండి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త. ఈ మందు కొంచెం నాకినా పిల్లి ప్రాణానికే ముప్పు.

దురద, పొట్టు వస్తే అది చాలాసార్లు మినాక్సిడిల్ వల్ల కాదు, ద్రవంలో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల. నురగ రూపంలో దొరికే దాంట్లో అది ఉండదు, డాక్టరును అడిగి మార్చుకోండి.

మినాక్సిడిల్ మాత్రలు వచ్చాయంటున్నారు. రాసుకునే బాధ ఉండదు కదా?

తక్కువ డోసులో డాక్టర్లు రాస్తున్నారు, పనిచేస్తోంది కూడా. కానీ అది బీపీ మందేనన్నది మర్చిపోవద్దు. కాళ్ళ వాపు, గుండె దడ, కళ్ళు తిరగడం, ఒంటి మీద జుట్టు రావచ్చు. స్నేహితుడి చీటీతో మా షాపుకు వచ్చి అడిగేవాళ్ళకు నేను ఇవ్వను. గుండె, కిడ్నీ సంగతి డాక్టరు చూశాకే వాడాలి.

ఒక రోజు మర్చిపోతే?

ఏం కాదు. మర్నాడు మామూలుగా వేసుకోండి. రెండు కలిపి వద్దు.

ఎన్నాళ్ళు వాడాలి?

ఆ జుట్టు కావాలనుకున్నన్నాళ్ళు. మినాక్సిడిల్ ఆపితే మూడు నాలుగు నెలల్లో, ఫినాస్టరైడ్ ఆపితే ఏడాదిలోపు, మందు కాపాడిన పాత జుట్టు రాలిపోతుంది. నాటినది ఉంటుంది. ఈ మాట ఆపరేషన్‌కు ముందే తెలియాలి. నెలనెలా మందుల ఖర్చు లెక్కలో వేసుకోకుండా అప్పు చేసి నాటించుకుని, ఆరో నెలకు మందులు కొనలేక ఆపేసినవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

కొండకు గుండు మొక్కు ఉంది. ఎప్పుడు తీర్చుకోవచ్చు?

వేరే ఊళ్ళో ఎవరూ అడగరేమో గానీ, మన దగ్గర వారానికి ఒకరైనా అడుగుతారు.

ముందుగా, కత్తి చర్మం పైన ఉన్న వెంట్రుకను మాత్రమే తీస్తుంది. కుదురు లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతులో ఉంటుంది. పూర్తిగా మానిన తలకు గుండు చేయించుకుంటే నాటిన జుట్టుకు ఏ నష్టమూ ఉండదు, తిరిగి వస్తుంది. ఇబ్బందంతా మానకముందే. మొదటి నెలల్లో చర్మం సున్నితంగా ఉంటుంది, స్పర్శ కూడా పూర్తిగా రాదు. కొండ మీద గుండ్లు చేసే కల్యాణకట్టలో తల తడిపి బ్లేడుతో ఒక్క ఊపున గీస్తారు, పొక్కు ఉందో లేదో చూసుకునే తీరిక ఆ రద్దీలో ఉండదు. మీ సర్జన్ అనుమతి లేకుండా బ్లేడు తగలనివ్వకండి. నన్నడిగితే ఏడాది ఆగమంటాను. అప్పటికి నాటినదంతా మొలిచి ఉంటుంది, ఆ జుట్టే స్వామికి ఇచ్చినట్టవుతుంది. ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, మొక్కు వాయిదా వేస్తే తప్పవుతుందేమోనని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అమ్మా, తప్పేమీ లేదు, గాయం మానాక తీర్చుకోండి" అని చెప్పాను. అప్పటిదాకా మనవడి చేత మూడు కత్తెరలు ఇప్పిస్తానని తనే సర్దుకుంది. దానికి కూడా నాటిన చోట కాకుండా చూసుకోమన్నాను.

గుండు చేయించుకుంటే తల వెనక గ్రాఫ్టులు తీసిన చోట్ల తెల్లటి చుక్కలు కనపడతాయి. చర్మం పట్టీగా కోసి తీసిన పద్ధతి అయితే అడ్డంగా గీత కనపడుతుంది. జుట్టు పెరిగితే మూసుకుపోతుంది, ముందే తెలిసి ఉంటే మంచిది.

ఇంకా ఆపరేషన్ కాలేదంటే మొక్కు ముందే తీర్చేసుకోండి. జుట్టు కొంత పెరిగాక డాక్టరుకు చూపించండి, ఎక్కడ పలచగా ఉందో ఆయనకు కనపడాలి కదా. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది మాత్రం నిజం కాదు. కోసిన వెంట్రుక మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గట్టిగా తగులుతుంది, అంతే.

అలిపిరి మెట్ల దారిన నడిచి వెళ్ళాలనుకునేవాళ్ళు కూడా రెండు మూడు వారాలు ఆగి, డాక్టరును అడిగి వెళ్ళండి. మూడున్నర వేల మెట్లు ఎక్కితే కారే చెమట పచ్చి గాయానికి మంచిది కాదు. మేలో గంగమ్మ జాతరకు వేషం మొక్కు ఉన్నవాళ్ళు ఒంటికి పూసుకునే నాము (తెల్లటి మట్టి), కుంకుమ, బొగ్గు తలకు అంటకుండా చూసుకోవాలి. నాటించుకుని రెండు మూడు నెలలు కూడా కాకపోతే వచ్చే ఏడాదికి పెట్టుకోండి.

హెల్మెట్?

సర్జన్ చెప్పేదాకా బైకే వద్దు. రెండు వారాలు బస్సు, ఆటో. తర్వాత కొంచెం వదులుగా ఉండేది, లోపల ఉతికిన మెత్తటి గుడ్డ వేసి పెట్టుకోండి. హెల్మెట్ వల్ల బట్టతల రాదు. హెల్మెట్ లేకుండా మాత్రం బండి నడపకండి.

కుంకుడుకాయ, గుంటగలగరాకు నూనె, ఉల్లిరసం వాడవచ్చా?

మొదటి నెల ఏదీ వద్దు, డాక్టరు ఇచ్చిన షాంపూ ఒక్కటే. కుంకుడు రసం మానని చర్మానికి ఘాటు, ఉల్లిరసం ఇంకా ఘాటు. తర్వాత నూనె రాసుకుంటే వెంట్రుక మెత్తగా ఉంటుంది, మర్దన హాయిగా ఉంటుంది. డీహెచ్‌టీని మాత్రం ఏ నూనె కూడా ఆపదు. అమ్మమ్మ కాచిన నూనె రాసుకోండి, మాత్ర ఆపకండి.

బయోటిన్ వేసుకోనా?

ఒంట్లో లోటు ఉంటేనే పనికొస్తుంది, ఆ లోటు చాలా అరుదు. పైగా ఎక్కువ డోసు బయోటిన్ వల్ల థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటును కనిపెట్టే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా రావచ్చు. పరీక్షకు ముందు ల్యాబులో చెప్పండి. దానికి పెట్టే డబ్బుతో హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మేలు. డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు కూడా జుట్టు గుప్పెళ్ళుగా రాలుతుంది. అది నాటిన జుట్టుకు కూడా జరగొచ్చు, తిరిగి వస్తుంది.

సిగరెట్ తాగేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. పొగ రక్తనాళాలను బిగిస్తుంది, కొత్త కుదురుకు కావాల్సింది రక్తమే.

ఆడవాళ్ళకూ ఇవే మందులా?

రాసుకునే మినాక్సిడిల్ వాడవచ్చు, గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వద్దు. పిల్లలు పుట్టే వయసులో ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ జోలికి సొంతంగా వెళ్ళకండి. ఆడవాళ్ళలో జుట్టు రాలడానికి ఐరన్ తగ్గడం, థైరాయిడ్, పీసీఓడీ లాంటి కారణాలు ఎక్కువ, ముందు అవి చూడాలి.

పెళ్ళి కుదిరింది. ముహూర్తానికి రెండున్నర నెలలుంది. ఇప్పుడు నాటించుకోనా?

వద్దు. తాళి కట్టే రోజుకు సరిగ్గా అన్నీ రాలిపోయి, చర్మం ఎర్రగా ఉండే సమయం వస్తుంది. ఒక అబ్బాయి ఇలాగే చేసి, పెళ్ళి ఫోటోలన్నిటిలో తలపాగా తీయలేదు. ఏడాది ముందు చేయించుకోవాలి, లేదా పెళ్ళయ్యాక. అమ్మాయికి ముందే చెప్పేయండి. దాచిపెట్టాలన్న టెన్షన్ పోతే సగం బరువు దిగుతుంది.

"ఏమప్పా, ఉన్నది గూడా పోయిందే" అని అందరూ అంటున్నారు. తట్టుకోలేకపోతున్నాను.

ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. ఒక పెళ్ళిలో మా దూరపు మామ నలుగురిలో అన్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు. "మళ్ళీ వస్తుంది మామా, నాలుగు నెలలు పడుతుంది" అని చెప్పి అన్నం తిని వచ్చాను. ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి, అదే అందరికీ చెప్పండి.

అద్దం దగ్గర నిలబడటం తగ్గించండి. నెలకొకసారి, ఒకే తేదీన, ఒకే గదిలో, ఒకే లైటు కింద, తడి లేని జుట్టుతో ముందు, పైన, వెనక మూడు ఫోటోలు తీసుకోండి. రోజూ చూస్తే మార్పు కనపడదు, భయమే పెరుగుతుంది. రాలిన వెంట్రుకలు లెక్కపెట్టకండి. నేను లెక్కపెట్టాను, ఏ రోజు లెక్కా నాకు ధైర్యం ఇవ్వలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టక, పనికి వెళ్ళబుద్ధి కాక, రెండు వారాలు దాటితే మానసిక వైద్యుణ్ణి కలవండి. తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఆ విభాగం ఉంది.

ఎప్పుడు వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి?

నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే. చీము, జ్వరం, పాకుతున్న ఎరుపు ఉంటే. నాటిన చోట చర్మం నల్లబడితే అదే రోజు వెళ్ళాలి. మినాక్సిడిల్ వాడుతూ గుండె దడ, ఛాతీ నొప్పి, కాళ్ళ వాపు వస్తే మందు ఆపి వెళ్ళాలి. రూపాయి బిళ్ళంత గుండ్రంగా, నున్నగా జుట్టు పోతే అది షాక్ లాస్ కాకపోవచ్చు, పేనుకొరుకుడు కావచ్చు. ఆరో నెల దాటినా ఒక్క మొలకా లేకపోతే ఫోటోలు తీసుకుని సర్జన్‌ను కలవండి. నుదురు, కళ్ళ చుట్టూ మొదటి వారంలో వచ్చే వాపుకు మాత్రం భయపడకండి, అది దిగిపోతుంది.

అన్నా, మీ జుట్టు ఇప్పుడెలా ఉంది?

ముందు భాగం బాగా వచ్చింది, పాపిట తీసుకుంటున్నాను. సుడి దగ్గర అనుకున్నంత రాలేదు, పైనుంచి చూస్తే చర్మం కనపడుతుంది. రాత్రి ఏడున్నరకు షాపు వెనక గదిలో మినాక్సిడిల్ రాసుకుంటాను, అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటాను. పోయిన సంవత్సరం కల్యాణకట్టకు వెళ్ళి అమ్మ మొక్కు తీర్చి వచ్చాను. నాలుగో రోజు తల తడుముకుంటే ముందు వైపు కూడా గరుకుగా తగిలింది.